రింకు ఉంటేనే లీగు: ఆస్ట్రేలియా ఐస్ హాకీపై ఒక సమీక్ష

2023 సెప్టెంబరు 22, శుక్రవారం రాత్రి. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో దాదాపు లక్షమంది కూర్చుని ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ చూశారు. గ్రాండ్ ఫైనల్‌కు ముందు మెట్టు అది. కాలింగ్‌వుడ్, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ తలపడ్డాయి. ఆ మైదానానికి పక్కనే, రైలు పట్టాలకు ఆవలి వైపున రాడ్ లేవర్ అరీనా ఉంది. జనవరి ఎండల్లో ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్ ఫైనళ్ళు జరిగేది అక్కడే. మర్నాడు ఆ కోర్టు ఉండే చోట మంచు పరిచి ఉంది. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన లాస్ ఏంజెలిస్ కింగ్స్, అరిజోనా కొయోటీస్ జట్లు శని, ఆదివారాల్లో రెండు మ్యాచ్‌లు ఆడాయి. మొదటిది కొయోటీస్ 5-3తో, రెండోది కింగ్స్ 3-2తో గెలిచాయి. ప్రపంచంలో అతిపెద్ద ఐస్ హాకీ లీగ్ అయిన నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్, దక్షిణార్ధగోళంలో ఆడిన మొదటి మ్యాచ్‌లు ఇవి. సీజన్‌కు ముందు జరిగే సన్నాహక మ్యాచ్‌లే అయినా రెండు రోజులూ అరీనా జనంతో నిండింది. పందొమ్మిదేళ్ళ కొయోటీస్ ఆటగాడు లోగన్ కూలీ మొదటి మ్యాచ్‌లో కొట్టిన గోల్ ప్రపంచమంతా తిరిగింది.

ఆ వారాంతం తర్వాత ఒక ప్రశ్న మళ్ళీ పైకొచ్చింది. ఆస్ట్రేలియాలో ఐస్ హాకీ ఎన్నటికైనా పూర్తిస్థాయి వృత్తిక్రీడ అవుతుందా? వేరే దేశాల జట్లతో కలిసి ఆడే అంతర్జాతీయ లీగ్‌లో ఆస్ట్రేలియా నగరాల పేర్లు కనిపిస్తాయా? ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబులు మూడు. ఇది ఎండల దేశం, ఈ ఆట ఇక్కడ పట్టదు అన్నది ఒకటి. ఫుట్‌బాల్, రగ్బీల మధ్య దీనికి చోటు లేదన్నది రెండోది. ఆడేవాళ్ళు చాలరన్నది మూడోది. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ నూట ఇరవై ఏళ్ళ ఈ ఆట చరిత్రను వరసగా చూసుకుంటూ వస్తే ఎదుగుదలకైనా, పతనానికైనా కారణం ప్రతిసారీ ఒక్కచోటే తేలుతోంది. అది రింకు, అంటే మంచు పరిచిన ఆటస్థలం. రింకు కట్టిన చోట ఆట పుట్టింది, మూతపడ్డ చోట చచ్చింది, మళ్ళీ కట్టిన చోట కప్పులు వచ్చాయి. ఈ వ్యాసం అంతా ఆ సంగతే.

ముందుగా ఎండ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది అన్నింటికన్నా బలహీనమైన వాదన. మెల్‌బోర్న్‌కు వచ్చిన రెండు జట్లలో ఒకటి కాలిఫోర్నియాది, ఇంకొకటి ఎడారి రాష్ట్రమైన అరిజోనాది. ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పును కింగ్స్ 2012లోనూ, 2014లోనూ గెలిచారు. ఫ్లోరిడాలోని టాంపా బే 2020, 2021 సంవత్సరాల్లో గెలిచింది. 2023లో లాస్ వేగస్ జట్టు, 2024, 2025లో ఫ్లోరిడా పాంథర్స్ గెలిచాయి. ఇవన్నీ మంచు దాదాపుగా కురవని ఊళ్ళు. ఐస్ హాకీ చెరువుల మీద పుట్టిన మాట నిజమే గాని, వందేళ్ళకు పైగా అది యంత్రాల మీద బతుకుతున్న ఆట. కాంక్రీటు నేల కింద గొట్టాలు వేసి, గడ్డకట్టని ద్రవాన్ని సున్నాకు చాలా దిగువ ఉష్ణోగ్రతలో వాటిలో తిప్పుతారు. నేల చల్లబడ్డాక నీటిని పలచని పొరలుగా చల్లుతూ పోతారు. మధ్యలో తెల్ల రంగు, గీతలు వేసి మళ్ళీ పొరలు పోస్తారు. అన్నీ కలిపి మూడు సెంటీమీటర్ల మందం ఉంటే ఆట సాగుతుంది. పీరియడ్‌కూ పీరియడ్‌కూ మధ్య జాంబోనీ బండి వచ్చి గీతలు పడ్డ పైపొరను చెక్కి వేడినీళ్ళు పోస్తుంది. వేడినీళ్ళు పాత మంచును కొంచెం కరిగించి దానితో అతుక్కుని నున్నగా గడ్డకడతాయి. ఎండాకాలంలోనూ, గాలిలో తేమ ఎక్కువైనప్పుడూ కరెంటు బిల్లు పెరుగుతుంది. ఎండ చేసేదల్లా ఖర్చు పెంచడమే, ఆటను ఆపడం కాదు.

ఈ యంత్రాన్ని ఆస్ట్రేలియాకు ఆటగా మలిచింది హెన్రీ న్యూమన్ రీడ్. శీతలీకరణ వ్యాపారంలో ఉన్న మనిషి. 1904లో అడిలైడ్‌లో గ్లేసియారియం పేరిట దేశంలో మొదటి ఐస్ రింకు తెరిచాడు. 1906లో మెల్‌బోర్న్‌లో, యారా నదికి దక్షిణాన ఇంకా పెద్దది కట్టాడు. మరుసటి ఏడు సిడ్నీలోనూ ఒకటి వచ్చింది. మెల్‌బోర్న్ రింకు తెరిచిన కొద్ది వారాలకే, 1906 జులై 17న, రేవులో ఆగిన అమెరికా యుద్ధనౌక బాల్టిమోర్ నావికులతో విక్టోరియా జట్టు తలపడింది. దేశంలో నమోదైన మొదటి ఐస్ హాకీ మ్యాచ్ అదే. 1909లో విక్టోరియా, న్యూసౌత్ వేల్స్ జట్ల మధ్య పోటీ మొదలైంది. జాన్ ఎడ్విన్ గూడాల్ ఇచ్చిన కప్పు దానికి బహుమతి అయింది. ఇప్పటికీ ఆస్ట్రేలియా విజేత అందుకునేది గూడాల్ కప్పునే. ప్రపంచంలో ఐస్ హాకీ కోసం ఇచ్చే కప్పుల్లో అతి పురాతనమైన వాటిలో ఇదొకటి. స్టాన్లీ కప్పు కన్నా ఒకటిన్నర దశాబ్దానికి పైగా చిన్నది, అంతే. ఇప్పటి లీగ్‌లో వరస మ్యాచ్‌లు ముగిసేసరికి పట్టికలో పైన నిలిచిన జట్టుకిచ్చే ట్రోఫీకి రీడ్ పేరు పెట్టారు. ఆటగాడి పేరు కాకుండా రింకు కట్టినవాడి పేరు పెట్టడం న్యాయంగా ఉంది.

తర్వాత ఏమైందో చూడండి. 1938లో ఆస్ట్రేలియా అంతర్జాతీయ సమాఖ్యలో చేరింది. మరుసటి ఏడు మెల్‌బోర్న్‌లోని సెయింట్ కిల్డాలో సెయింట్ మోరిట్జ్ రింకు వచ్చింది. యుద్ధం తర్వాత యూరప్ నుంచి వలస వచ్చినవాళ్ళు స్కేట్లు తెచ్చుకున్నారు, ఆట తెచ్చుకున్నారు. సరిగ్గా ఆ బలం పుంజుకునే సమయంలోనే 1955లో సిడ్నీ గ్లేసియారియం, 1957లో మెల్‌బోర్న్ గ్లేసియారియం మూతపడ్డాయి. ఆస్ట్రేలియా తన చరిత్రలో ఒకే ఒక్కసారి ఒలింపిక్స్ ఐస్ హాకీ ఆడింది ఆ తర్వాతే, 1960లో అమెరికాలోని స్క్వా వ్యాలీలో. ఆరు మ్యాచ్‌లాడి ఆరూ ఓడింది. పది గోల్స్ కొట్టి, ఎనభైకి పైగా ఇచ్చింది. చెకోస్లోవేకియా ఒక్కటే 18 గోల్స్ కొట్టింది. ఈ అంకెలు చెప్పి నవ్వేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ జట్టు మీద గౌరవమే ఉంది. దేశంలోని రెండు పెద్ద రింకులు పోయిన కొన్నేళ్ళకే, అరకొర మంచు మీద సాధన చేసి, చెకోస్లోవేకియా, అమెరికా లాంటి జట్ల ముందు నిలబడ్డారు. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది అమెరికాయే.

ఇంకోవైపు అంకె కూడా ఉంది. 1987 మార్చిలో పెర్త్ నగరం ప్రపంచ పోటీల్లో అట్టడుగు విభాగానికి ఆతిథ్యం ఇచ్చింది. అక్కడ ఆస్ట్రేలియా న్యూజిలాండ్‌ను 58-0తో ఓడించింది. పై దేశాల ముందు ఆస్ట్రేలియా ఎంత దూరంలో ఉందో, ఆస్ట్రేలియా ముందు న్యూజిలాండ్ అంత దూరంలో ఉండేదని దాని అర్థం. ఆ రెండు దూరాల మూలమూ ఒకటే: ఏ దేశంలో ఎన్ని రింకులున్నాయి, వాటిమీద పిల్లలకు వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి అన్నది.

ఇక లీగ్ సంగతి. 2000లో అడిలైడ్, కాన్‌బెరా, సిడ్నీ క్లబ్బులు మూడు కలిసి ఆస్ట్రేలియన్ ఐస్ హాకీ లీగ్ మొదలుపెట్టాయి. అంతవరకూ రాష్ట్రాల జట్లు తలపడే పద్ధతి నడిచింది. క్లబ్బులు ఊరూరా తిరుగుతూ నెలల తరబడి ఆడే సీజన్ దీనితో నిలదొక్కుకుంది. 2002లో మెల్‌బోర్న్ ఐస్, న్యూకాజిల్ నార్త్ స్టార్స్, వెస్ట్ సిడ్నీ ఐస్ డాగ్స్ చేరాయి. తర్వాత బ్రిస్బేన్ వచ్చింది, సెంట్రల్ కోస్ట్ వచ్చింది, రెండూ కొన్నేళ్ళకు తప్పుకున్నాయి. 2011లో మెల్‌బోర్న్ నుంచి రెండో జట్టు మస్టాంగ్స్, 2012లో పెర్త్ థండర్ వచ్చాయి. పెర్త్ రావడంతో లీగ్ నిజంగా ఖండమంతా పరుచుకుంది. సిడ్నీ నుంచి పెర్త్‌కు గగన మార్గంలో మూడు వేల మూడు వందల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళి, తిరిగి వచ్చి, మళ్ళీ చెన్నై వెళ్ళినదానికన్నా ఎక్కువే. ఒక వారాంతంలో అంత దూరం పోయి, శనివారం ఒక మ్యాచ్, ఆదివారం ఇంకో మ్యాచ్ ఆడి, సోమవారం పొద్దున ఎవరి కొలువుకు వాళ్ళు హాజరవ్వాలి.

కొలువు అన్నమాట కావాలనే అన్నాను. ఈ లీగ్‌లో ఆడే ఆస్ట్రేలియన్లలో చాలామందికి ఇది జీతం వచ్చే పని కాదు. పగలు వడ్రంగం, ఎలక్ట్రీషియన్ పని, ఆఫీసు, కాలేజీ, రాత్రిపూట సాధన. రాత్రిపూట ఎందుకంటే రింకు పగలంతా వేరేవాళ్ళది. సరదాగా స్కేట్లు అద్దెకు తీసుకుని గుండ్రంగా తిరిగే జనం ఇచ్చే టికెట్ డబ్బుతోనే రింకు నడుస్తుంది. వాళ్ళ తర్వాత ఫిగర్ స్కేటింగ్, చిన్నపిల్లల తరగతులు, జూనియర్ జట్లు. అందరూ వెళ్ళాక మిగిలిన గంటలు దేశంలోని మేటి ఆటగాళ్ళకు దక్కుతాయి. క్రికెట్లో అయితే రాష్ట్ర జట్టుకు నెట్స్ దొరక్క అర్ధరాత్రి సాధన చేయాల్సి వచ్చిందంటే పత్రికల్లో గోలవుతుంది. ఇక్కడ అది మామూలు.

సీజన్ ఏప్రిల్‌లో మొదలై ఆగస్టు చివరికో, సెప్టెంబరు మొదటికో ముగుస్తుంది. ఉత్తరార్ధగోళంలో లీగ్‌లు చాలావరకు అప్పుడు సెలవులో ఉంటాయి. కెనడా, అమెరికా, స్వీడన్, ఫిన్లాండ్‌లలో కింది స్థాయి లీగ్‌లలో ఆడే కుర్రాళ్ళకు ఆ నెలల్లో ఆట ఉండదు. వాళ్ళను క్లబ్బులు పిలిపించుకుంటాయి. జట్టుకు ఇంతమంది అని పరిమితి ఉంది. చాలాకాలం ఎనిమిది జట్లు ఒక్కొక్కటి 28 మ్యాచ్‌లు ఆడేవి. మామూలు సమయంలో గెలిస్తే మూడు పాయింట్లు, అదనపు సమయంలోనో షూటౌట్‌లోనో గెలిస్తే రెండు, అలా ఓడినవాళ్ళకు ఒకటి. పట్టికలో పైన నిలిచిన జట్లు చివర్లో ఒకే వారాంతంలో, ఒకే రింకులో తలపడతాయి. శనివారం సెమీఫైనళ్ళు, ఆదివారం ఫైనల్. ఆ ఒక్క వారాంతానికి దేశం నలుమూలల నుంచి అభిమానులు తమ జట్ల జెర్సీలేసుకుని విమానాలెక్కి వస్తారు. గెలవని జట్ల అభిమానులూ వస్తారు. ఐస్ హాకీకి ఆస్ట్రేలియాలో ప్రేక్షకులు లేరనేవాళ్ళు ఆ రెండు రోజులు చూడాలి.

నా వాదనకు ఈ లీగ్‌లోనే గట్టి సాక్ష్యం ఒకటి ఉంది. మెల్‌బోర్న్ ఐస్ జట్టు మొదటి ఏళ్ళన్నీ నగర శివారు ఓక్లీలోని చిన్న పాత రింకులో ఆడింది. సెయింట్ మోరిట్జ్ 1980ల మొదట్లో పోయాక, యాభై లక్షల దిశగా పెరుగుతున్న మెల్‌బోర్న్‌కు సరైన రింకు ఒక్కటి కూడా లేకుండా దాదాపు ముప్పై ఏళ్ళు గడిచాయి. ఆ కాలంలో ఐస్ జట్టుకు టైటిల్ లేదు. 2010లో డాక్‌లాండ్స్‌లో ఐస్‌హౌస్ తెరుచుకుంది. ఒలింపిక్ కొలతల రింకులు రెండు, ఒకే కప్పు కింద. ఒకదానికి స్టీవెన్ బ్రాడ్‌బరీ పేరు పెట్టారు. 2002 శీతాకాల ఒలింపిక్స్‌లో ముందున్నవాళ్ళంతా జారిపడితే చివరనుంచి వచ్చి స్వర్ణం గెలిచిన స్కేటర్ ఆయన. ఐస్‌హౌస్ తెరుచుకున్న ఏడాదే మెల్‌బోర్న్ ఐస్ గూడాల్ కప్పు గెలిచింది. 2011లో మళ్ళీ గెలిచింది, 2012లో మళ్ళీ. ఈ లీగ్‌లో వరసగా మూడుసార్లు గెలిచిన మొదటి జట్టు అదే. 2014లో అదే రింకులో ఆడే మస్టాంగ్స్ గెలిచింది, 2017లో మళ్ళీ ఐస్. విదేశీ ఆటగాళ్ళు, కోచ్‌లు, అదృష్టం, అన్నీ కలిసొచ్చి ఉంటాయి. అయినా ఈ లీగ్‌లో అంతవరకూ కప్పు ఎరగని నగరం మంచి రింకు దొరికిన ఎనిమిదేళ్ళలో ఐదు కప్పులు పట్టుకుపోవడాన్ని కాకతాళీయం అనలేను.

జాతీయ జట్టు కథా అదే చెబుతోంది. 2008లో ప్రపంచ పోటీల రెండో డివిజన్ పోటీలు న్యూకాజిల్‌లో జరిగాయి. ఆస్ట్రేలియా గెలిచి పై డివిజన్‌కు ఎక్కింది. 2011లో మెల్‌బోర్న్‌లో జరిగాయి. మళ్ళీ గెలిచి మళ్ళీ ఎక్కింది. ఎక్కిన రెండుసార్లూ పైన నిలవలేక దిగిపోయింది. సొంత మంచు మీద సొంత జనం ముందు ఆడినప్పుడు సాధించగలిగినదాన్ని యూరప్‌లో నిలబెట్టుకోవడానికి కావలసిన లోతు జట్టుకు లేదు. ఆ లోతు ఇరవై మంది మేటి ఆటగాళ్ళతో రాదు. వాళ్ళ వెనక రెండువేల మంది పిల్లలు రోజూ స్కేట్లు కట్టుకోగలిగితే వస్తుంది. దేశం మొత్తానికి ఇండోర్ రింకులు ఇరవై ప్రాంతంలో ఉంటాయి. కెనడాలో వేలల్లో ఉంటాయి. ఈ ఒక్క పోలికలోనే మిగతా పోలికలన్నీ ఇమిడి ఉన్నాయి.

ఈ లోతు లేకపోవడం వల్లే ప్రతిభ ఉన్నవాడు దేశం వదలక తప్పదు. నేథన్ వాకర్ వేల్స్‌లోని కార్డిఫ్‌లో పుట్టి, పసివయసులోనే కుటుంబంతో సిడ్నీ వచ్చాడు. అక్కడే స్కేటింగ్ నేర్చుకున్నాడు. పదమూడేళ్ళకు ఒంటరిగా చెక్ రిపబ్లిక్‌లోని వీట్కోవిట్సే క్లబ్బుకు వెళ్ళిపోయాడు. భాష రాదు, తల్లిదండ్రులు భూగోళానికి ఆ చివర. పదిహేడేళ్ళకు అక్కడి మొదటి శ్రేణి లీగ్‌లో ఆడాడు. 2014లో వాషింగ్టన్ కేపిటల్స్ అతన్ని ఎంపిక చేసుకుంది. 2017 అక్టోబరులో మాంట్రియల్‌పై ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టి, మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. ఆస్ట్రేలియాలో పెరిగి ఎన్‌హెచ్‌ఎల్ ఆడిన మొదటివాడు అతనే. ఆ సీజన్ చివర, 2018లో కేపిటల్స్ స్టాన్లీ కప్పు గెలిచింది. తర్వాత సెయింట్ లూయిస్ బ్లూస్‌కు మారి, 2021 డిసెంబరులో డెట్రాయిట్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. ఎంత గర్వించినా తక్కువే. కానీ ఒక పదమూడేళ్ళ పిల్లవాడు ఆట కోసం ఇల్లు వదిలి ఖండాలు దాటాల్సి రావడాన్ని విజయగాథగా మాత్రమే చెప్పుకోవడం నాకు మింగుడు పడదు. వాకర్‌లాంటి తెగువ, అలాంటి తల్లిదండ్రులు ఉన్నవాళ్ళు ఎందరుంటారు? వెళ్ళలేక ఆగిపోయినవాళ్ళ లెక్క ఎవరి దగ్గరా లేదు.

మెల్‌బోర్న్ మ్యాచ్‌లకు కింగ్స్ తరఫున వచ్చిన జోర్డన్ స్పెన్స్ సిడ్నీలోని మ్యాన్లీలో పుట్టాడు. తండ్రి కెనడియన్, తల్లి జపనీయురాలు. అతను ఆట నేర్చుకున్నది జపాన్‌లో, కెనడాలో. ఇంకా వెనక్కి పోతే, విక్టోరియా రాష్ట్రంలోని బెనాల్లాలో 1887లో పుట్టిన టామీ డండర్‌డేల్ కెనడాకు వెళ్ళి అక్కడి వృత్తి లీగ్‌లలో గోల్స్ వరద పారించాడు. 1974లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతనికి చోటిచ్చారు. ముగ్గురి ఊళ్ళూ వేరు, కాలాలూ వేరు. ఆస్ట్రేలియాలోనే ఉండి ఎదిగినవాడు మాత్రం ముగ్గురిలో ఒక్కడూ లేడు.

రింకు లేకపోతే క్లబ్బు ఏమవుతుందో చూశాం. రింకు ఉండి కూడా యాజమాన్యం చేతులెత్తేస్తే ఏమవుతుందో కాన్‌బెరా చూపించింది. లీగ్ పెట్టిన మూడు క్లబ్బుల్లో ఒకటైన కాన్‌బెరా నైట్స్ 2014 సీజన్ ఇంకా మొదలవకముందే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. షెడ్యూల్ వచ్చేసింది, విదేశీ ఆటగాళ్ళు మాట్లాడుకుని ఉన్నారు. అప్పుడు ఆటగాళ్ళే ముందుకొచ్చారు. ఊళ్ళో సాయం చేసేవాళ్ళను కూడగట్టారు. కొద్ది వారాల్లో సీబీఆర్ బ్రేవ్ పేరుతో కొత్త క్లబ్బు రిజిస్టరైంది, లైసెన్సు వచ్చింది, ఆ ఏడే సీజన్ ఆడింది. 2018లో ఆ జట్టు గూడాల్ కప్పు గెలిచింది. కరోనా వల్ల 2020, 2021 సీజన్లు రెండూ రద్దయి, 2022లో మళ్ళీ లీగ్ తెరుచుకున్నప్పుడు కప్పు గెలిచిందీ బ్రేవ్ జట్టే. ఈ విజయాలన్నీ ఫిలిప్ శివారులోని పాత చిన్న రింకును నమ్ముకుని సాధించినవి. ఈతకొలనూ ఐస్ రింకూ ఒకే ఆవరణలో ఉండే చోటు అది. కాన్‌బెరా జనం ఆ ఇరుకు గ్యాలరీలను నింపి, గోడలదిరేలా అరుస్తారని లీగ్‌లో పేరు.

న్యూకాజిల్‌ది ఇంకో రకం పట్టుదల. రాష్ట్ర రాజధాని కాదు, బొగ్గు రేవు పట్నం. వార్నర్స్ బేలోని ఒకే రింకును నమ్ముకుని 2003 నుంచి 2016 మధ్య ఆరుసార్లు గూడాల్ కప్పు పట్టుకెళ్ళింది. సిడ్నీ, మెల్‌బోర్న్ లాంటి మహానగరాలకు లేనిది దానికున్నది ఏమిటంటే స్థిరత్వం. రింకు అదే, క్లబ్బు అదే, అక్కడ పెరిగిన పిల్లలే పెద్దజట్టులోకి వస్తారు.

అయితే ఈ రింకులన్నీ చాలావరకు ప్రైవేటు స్థలాలు. కొన్ని షాపింగ్ మాల్‌లలో ఉన్నాయి. సిడ్నీలోని మాక్వారీ సెంటర్ రింకు 1981 నుంచి నడుస్తోంది. సిడ్నీ బేర్స్ జట్టుకు, ఎందరో ఫిగర్ స్కేటర్లకు అదే ఇల్లు. 2022 చివర్లో దాన్ని మూసేస్తారన్న ప్రకటన వచ్చింది. తల్లిదండ్రులు, ఆటగాళ్ళు, స్థానిక ప్రతినిధులు కలిసి గట్టిగా అడ్డుపడితే నిర్ణయం మారింది, రింకు నిలిచింది. సంతోషమే. కానీ దేశంలోని అతిపెద్ద నగరంలో ఒక ఆట భవిష్యత్తు మాల్‌లో చదరపు అడుగు అద్దె లెక్క మీద ఆధారపడటం మంచిది కాదు. సిడ్నీలో క్రికెట్ మైదానాన్ని మూసి దుకాణాలు కడతామంటే ఏ ప్రభుత్వమూ నిలబడదు. ఈతకొలనును కౌన్సిళ్ళు ప్రజాసౌకర్యంగా చూస్తాయి. రింకును మాత్రం వినోద వ్యాపారంగా చూస్తాయి. ఆటగాళ్ళూ అభిమానులూ ఉండి రింకుకు భరోసా లేకపోవడం, నీటి హామీ లేని మాగాణి చేతిలో ఉండటంతో సమానం.

రెండో వాదన, శీతాకాలమంతా ఫుట్‌బాల్, రగ్బీలే ఏలుతాయన్నది, నిజమే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా టీవీ, పత్రికలు, స్పాన్సర్లు అన్నీ వాటి చుట్టే తిరుగుతాయి. వేసవికి మారితే విదేశీ ఆటగాళ్ళు దొరకరు. 2007లో మొదలైన మహిళల లీగ్ వేసవిలోనే నడుస్తుంది. ఇక్కడ పెరిగిన ఆటగాళ్ళు తగినంతమంది ఉంటే పురుషుల లీగ్‌కూ ఏ కాలమైనా సరిపోతుంది. అంటే ఈ వాదన కూడా తిరిగి తిరిగి పిల్లలకు ఎంత మంచు దొరుకుతోంది అన్న చోటికే వస్తుంది.

అంతర్జాతీయ లీగ్ కల సంగతి. ఆసియాలో అలాంటిది ఉంది. 2003లో జపాన్, కొరియా జట్లతో ఆసియా లీగ్ మొదలైంది. చైనా, రష్యా జట్లూ కొంతకాలం ఆడాయి. పెద్ద కంపెనీల అండ ఉన్న వృత్తి జట్లవి. అయినా కంపెనీ లెక్కలు మారినప్పుడల్లా జట్లు రాలిపోయాయి. 2009లో సెయిబు, 2019లో నిప్పన్ పేపర్ క్రేన్స్ మాయమయ్యాయి. కొరియా నుంచి ఇప్పుడు మిగిలింది ఆన్యాంగ్ జట్టొక్కటే. డబ్బూ, రింకులూ రెండూ ఉన్న దేశాల పరిస్థితే ఇది. న్యూజిలాండ్‌లో 2005 నుంచి సొంత లీగ్ ఉంది. టాస్మన్ సముద్రానికి అటూ ఇటూ క్లబ్బులు కలిసి ఆడటం పెర్త్ ప్రయాణం కన్నా పెద్ద దూరమేమీ కాదు. అయితే తొందరపడి వృత్తి లీగ్ ప్రకటించుకోవడం కన్నా, ఇప్పుడున్న క్లబ్బులు పదేళ్ళు మూతపడకుండా నిలవడమే పెద్ద పని. 2023లో బ్రిస్బేన్, సెంట్రల్ కోస్ట్ మళ్ళీ చేరి లీగ్ పది జట్లకు పెరిగింది. ఎన్నిసార్లు పడినా ఆ ఊళ్ళు మళ్ళీ లేస్తున్నాయంటే అక్కడ ఆట మీద మమకారం చావలేదనే.

రింకు బెంగ ఆస్ట్రేలియాది మాత్రమే కాదు. మెల్‌బోర్న్‌లో ఆడి గెలిచిన అరిజోనా కొయోటీస్ గతి చూడండి. ఆ జట్టుకు సొంత అరీనా లేక, ఐదువేల మంది కూడా పట్టని యూనివర్సిటీ రింకులో ఆడుతూ వచ్చింది. కొత్త అరీనా కట్టే ప్రతిపాదనను 2023 మేలో టెంపీ నగర ఓటర్లు తిరస్కరించారు. మెల్‌బోర్న్ మ్యాచ్‌లు జరిగిన ఏడు నెలలకు, 2024 ఏప్రిల్‌లో, ఆ జట్టు ఆటగాళ్ళంతా సాల్ట్ లేక్ సిటీకి తరలిపోయారు. ఎన్‌హెచ్‌ఎల్ డబ్బు కూడా రింకు లేని జట్టును నిలబెట్టలేకపోయింది. మన దేశంలో చూస్తే, 1989 నుంచి అంతర్జాతీయ సమాఖ్యలో సభ్యత్వం ఉన్నా, లద్దాఖ్ ఆటగాళ్ళు దశాబ్దాలుగా చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీదే నేర్చుకున్నారు. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో కట్టిన హిమాద్రి రింకు ఆ వెంటనే మూలనపడి, 2025లో గాని మళ్ళీ ప్రాణం పోసుకోలేదు. అలాంటి వసతుల మధ్య నుంచి మన అమ్మాయిలు 2025లో మహిళల ఆసియా కప్‌లో కాంస్యం గెలిచారు.

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 59 వేలకు పైనే. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో టార్నీట్, పాయింట్ కుక్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎక్కువ. టార్నీట్‌లో రైలెక్కి సదరన్ క్రాస్‌లో దిగితే ఐస్‌హౌస్ అక్కడి నుంచి ట్రామ్ దూరం. పిల్లలను క్రికెట్ కోచింగ్‌కు దింపే తల్లిదండ్రులు ఒక శనివారం సాయంత్రం ఆ రింకుకు తీసుకెళ్ళి చూపించండి. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే మనుషులు, నూట అరవై గ్రాముల రబ్బరు పక్, ముప్పై నలభై సెకన్లకోసారి అలసి మారిపోయే వరసలు. టీవీలో పక్ ఎక్కడుందో కనబడదని ఫిర్యాదు చేసేవాళ్ళకు రింకు పక్కన కూర్చుంటే అన్నీ కనబడతాయి.

చేయవలసినది ఏమిటంటే, రాష్ట్ర ప్రభుత్వాలు, కౌన్సిళ్ళు కొత్తగా కట్టే, మరమ్మతు చేసే ఈతకొలనుల సముదాయాల్లో రింకుకు చోటు పెట్టాలి. మంచును గడ్డకట్టించే యంత్రం నేలలోంచి లాగిన వేడిని ఎక్కడో ఒకచోట వదలాలి. కొలను నీళ్ళకు వేడి కావాలి. రెంటినీ కలిపితే ఒకదాని వృథా ఇంకోదాని ఇంధనమవుతుంది. చల్లని దేశాల్లో ఈ పద్ధతి పాతదే. కొలనూ రింకూ పక్కపక్కన ఉండే ఏర్పాటు కాన్‌బెరాకు కొత్త కూడా కాదు. ఒక్కో రాష్ట్ర రాజధానికి ఇలాంటిది ఒక్కొక్కటి, ప్రజాధనంతో, మాల్ అద్దెలతో సంబంధం లేకుండా వస్తే, సాయంత్రం ఐదుకూ తొమ్మిదికీ మధ్య జూనియర్లకు మంచు దొరుకుతుంది. దాని ఫలితం గూడాల్ కప్పు పట్టికలో కనిపించడానికి పదేళ్ళు పడుతుంది. కట్టడం మొదలుపెట్టాల్సింది మాత్రం ఇప్పుడే.